లైంగిక వరణం: వరణమనే పదం, కీచురాయి ఆకు

డార్విన్ వాడిన ‘సెలెక్షన్’ అనే మాటకు తెలుగు శాస్త్ర రచనల్లో ‘వరణం’ స్థిరపడింది. వరించడం, స్వయంవరం అనే మాటల్లోని ధాతువే ఇందులోనూ ఉంది. ప్రకృతి వరణం విషయంలో ఈ పదం కొంత ఇబ్బంది పెడుతుంది. అక్కడ ఎంచుకొనే కర్త ఎవరూ లేరు. 1871లో వెలువడిన ‘ది డిసెంట్ ఆఫ్ మాన్’లో డార్విన్ విస్తృతంగా చర్చించిన లైంగిక వరణానికి మాత్రం చక్కగా అతుకుతుంది. (మగజీవుల పరస్పర పోరు కూడా అందులో భాగమే, ప్రస్తుతానికి దానిని పక్కన ఉంచుతున్నాను.) చాలా కీటకాల్లో వరించేది ఆడది. అయితే అది వరిస్తున్నది మగకీటకాన్నా, దాని సంకేతాన్నా?

దక్షిణ భారతదేశంలో పొదలపై జీవించే ‘ఈకాంథస్ హెన్రీ’ అనే చెట్టు కీచురాయి ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. మగది ముందు రెక్కలను ఒకదానితో ఒకటి రాపాడించి పాడుతుంది. రెక్క పరిమాణం ఆ ధ్వని తరంగదైర్ఘ్యం కన్నా చాలా చిన్నది. అందువల్ల రెక్కకు ముందువైపు, వెనకవైపు పుట్టే తరంగాలు అంచుల వద్ద కలిసి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి, పాట బలహీనపడుతుంది. దీనికి కొన్ని మగ కీచురాళ్లు ఒక ఉపాయం చేస్తాయి. ఆకు నడుమ రంధ్రం కొరికి, అందులో రెక్కలు అమరేలా నిలిచి పాడతాయి. రెండు వైపుల తరంగాలకు ఆకు అడ్డుగోడ అవుతుంది. పెద్ద ఆకును ఎంచుకొని, రంధ్రాన్ని తమ రెక్కలకు సరిపోయే కొలతలో చేస్తాయని నతాషా మాత్రే బృందం 2017లో చూపింది.

ఈ పని అన్నీ చేయవు. ఆడవి సహజంగా బిగ్గరగా వినిపించే పాటవైపు మొగ్గుతాయి. చిన్న దేహం, తక్కువ స్వరం గల మగవే ఎక్కువగా ఆకును ఆశ్రయిస్తాయని, దానివల్ల వాటివైపు వచ్చే ఆడవాటి సంఖ్య పెరుగుతుందని రిత్తిక్ దేబ్, సంబిత మోదక్, రోహిణి బాలకృష్ణన్ 2020లో ప్రకటించారు.

దీనిని మోసమనడం తొందరపాటుగా నాకు తోస్తుంది. వ్యవహారంలో మోసానికి ఉద్దేశం కావాలి. ఇక్కడ నిరూపితమైనది ఫలితం మాత్రమే. ఆడది వింటున్నది నిజంగానే బిగ్గరైన పాట. ఆ బిగ్గరతనం దేహం నుంచి వచ్చిందా, ఆకు నుంచి వచ్చిందా అన్నది దూరాన ఉన్న దానికి తెలిసే వీలు తక్కువ. ఇక సహజంగానే గట్టిగా పాడే పెద్ద మగవాటికి ఆకు కొరికే శ్రమ అంతగా కలిసిరాదు.