మీకు తెలుసా? ఫ్రైడ్ రైస్‌కి చద్దన్నమే మేలు

చైనాలో ఫ్రైడ్ రైస్‌కి పేరుమోసిన ఊరు యాంగ్‌జౌ. గుడ్డు, రొయ్యలు, పచ్చి బఠాణీలు వేసే అక్కడి రకంలో, మన బండి మీద కనిపించే సోయా సాస్ నలుపు మామూలుగా ఉండదు. 2015లో గిన్నిస్ రికార్డు కోసం ఆ ఊళ్లో 4,192 కిలోలు వండారు. అందులో కొంత పందుల పాలవడంతో రికార్డు చెల్లలేదు!

వేడన్నం మూకుడులో వేస్తే ముద్దయిపోతుంది. అదే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే గింజలోని పిండిపదార్థం గట్టిపడి, పైతడి ఆరి, మెతుకు మెతుకుకీ అంటదు. సోనామసూరైనా సరే, చేత్తో చిదిపితే పొడిపొడిగా విడిపోతుంది.

హోటల్ మంట ఇంటి స్టవ్‌కి రాదు. అందుకే నలుగురికి ఒకేసారి కలపొద్దు. చల్లటి అన్నం ఎక్కువైతే మూకుడు చల్లారి, వేగాల్సింది ఉడుకుతుంది. ఇద్దరిద్దరికి చొప్పున, పెద్ద మంట మీద చేయండి.

జాగ్రత్త ఒక్కటే: వండిన అన్నాన్ని గంటలోపు పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రంతా బయట వదిలేస్తే ‘బాసిల్లస్ సీరియస్’ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే విషం మళ్లీ వేయించినా పోదు. అలాంటి అన్నం పారేయడమే.