మీటరు లేని ఇంటికి నీళ్ల బిల్లు ఎక్కడిది?

రోటోటూనా నుంచి

ఈ వారం మేము రాసేది నీళ్ల గురించి. "కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, బిల్లు కంపెనీ చూసుకుంటుంది, మనకెందుకు?" అని పేజీ తిప్పకండి. కిందటి ఏడాది వరకు మేము కూడా అలాగే అనుకున్నాం.

మేము ఆఫీసు గుమాస్తాలం. హాజరు పట్టీలు వేయడం, జీతం స్లిప్పులు టైపు చేయడం మా పని. ఒక శుక్రవారం మా చేతికి కొత్త పట్టీ వచ్చింది. కంపెనీ తీసుకున్న ఒక అద్దె ఇంట్లో మనవాళ్లు ఐదుగురు ఉంటారు. వాళ్ల స్లిప్పుల్లో వసతి ఖర్చు కింద కొత్తగా ఒక లైను చేర్చమన్నారు: "నీళ్లు, మురుగు: 12 డాలర్లు". వారానికి, తలకి. అంటే ఆ ఒక్క ఇంటికే వారానికి 60 డాలర్లు. మేము టైపు చేశాం. అవును, ఆ లైను టైపు చేసింది మేమే.

తరువాతి వారం ఆ ఇంట్లో ఉండే ఒక పెద్దాయన స్లిప్పు పట్టుకుని వచ్చాడు. "బాబూ, మా ఇంటికి నీళ్ల మీటరే లేదు గదా, ఈ పన్నెండు ఎలా లెక్క కట్టారు?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం వెతకగా తెలిసినవే ఇక్కడ రాస్తున్నాం.

ఇక్కడ నీళ్లు ఎవరివి?

రోటోటూనా హామిల్టన్ నగరానికి ఉత్తరాన పెరిగిన పేట. మనం తాగేది వైకాటో నది నీరు. నగరం దక్షిణాన ఉన్న వైయోరా కేంద్రంలో శుద్ధి చేసి పంపుతారు. మురుగు పుకెటే కేంద్రానికి పోతుంది. ఇదంతా ఇన్నాళ్లూ నగర కౌన్సిల్ పనే. హామిల్టన్‌లో మామూలు ఇళ్లకు నీటి మీటర్లు లేవు. నీళ్లు, మురుగు ఖర్చు ఇంటి యజమాని కట్టే 'రేట్స్' అనే ఇంటి పన్నులోనే కలిసి ఉంటుంది.

ఆ పన్ను బాగా పెరిగింది. సగటున 2024-25లో 16.5 శాతం, 2025-26లో 15.5 శాతం పెంచారు. అంటే 100 డాలర్లు కట్టేవారికి రెండేళ్లలో 134 డాలర్లు దాటింది. పన్ను యజమానిదే అయినా బరువు అక్కడ ఆగదు. యజమాని అద్దె పెంచుతాడు, అద్దె కట్టే కంపెనీ మన స్లిప్పులో కోత పెంచుతుంది. బిల్లు మీద మన పేరు లేకపోయినా చివరకు డబ్బు మన జేబులోంచే పోతుంది.

ఇప్పుడు ఇంకో మార్పు కూడా వస్తోంది. హామిల్టన్ నగర కౌన్సిల్, వైకాటో జిల్లా కౌన్సిల్ కలిసి 2025లో 'ఇయావై' అనే నీటి కంపెనీని పెట్టాయి. 2026 జూలై 1 నుంచి నీళ్లు, మురుగు పనులు దానికి అప్పగించాలన్నది నిర్ణయం. ఇది ప్రైవేటు కంపెనీ కాదు, రెండు కౌన్సిళ్ల సొంతం. నీటి సేవలను ప్రైవేటు వారికి అమ్మకూడదని ఈ దేశంలో చట్టం ఉంది. అయినా కంపెనీ లెక్క కంపెనీదే. ధర ఎవరు నిర్ణయిస్తారు, ఎవరి మీద ఎంత వేస్తారు అని ఇప్పుడే అడగాలి.

ఇంతకు ముందు ఏం జరిగింది?

మనవాళ్లు చాలామంది ఉండే దక్షిణ ఆక్లాండ్‌లోని పాపాకురాలో 1997లో నీళ్లు, మురుగు నిర్వహణను 30 ఏళ్లకు ఒక విదేశీ ప్రైవేటు సంస్థకు అప్పగించారు. పైపులు కౌన్సిల్‌వి, బిల్లు వసూలు ఆ సంస్థది. అదే కాలంలో ఆక్లాండ్ నగరం మెట్రోవాటర్ అనే కంపెనీ పెట్టి, వాడిన నీటిని బట్టి మురుగుకు కూడా బిల్లు వేయడం మొదలుపెట్టింది. జనం తిరగబడ్డారు. 'వాటర్ ప్రెషర్ గ్రూప్' పేరుతో బిల్లులు కట్టడం మానేశారు. కంపెనీ కుళాయి కట్టేస్తే వీళ్లు వెళ్లి మళ్లీ విప్పారు. ఆ పోరాటంలో పేరు పొందిన పెన్నీ బ్రైట్ 2018లో చనిపోయారు.

బొలీవియా దేశంలోని కోచబాంబాలో సంగతి ఇంకా పెద్దది. నీళ్లు ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లి ధరలు ఒక్కసారిగా పెరిగేసరికి 2000 సంవత్సరంలో ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఒప్పందం రద్దు చేసుకుంది.

మన హైదరాబాద్‌లో వేరే దారి చూశాం. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం అన్నారు. దానికి మీటరు ఉండాలి, ఆధార్ కలపాలి అన్నారు. అంటే ధర ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు. నిర్ణయించేవారిని అడగవచ్చు.

పెంపు మొత్తం అన్యాయమేనా?

కాదు. 2016 ఆగస్టులో హావెలాక్ నార్త్ ఊళ్లో కలుషితమైన కుళాయి నీళ్లు తాగి వేలమంది జబ్బు పడ్డారు, ప్రాణాలు కూడా పోయాయి. ఆ తరువాతే తాగునీటి మీద నిఘాకు 'తౌమాటా అరోవై' అనే సంస్థ 2021లో వచ్చింది. పాత పైపులు మార్చాలి, కొత్త పేటలకు పైపులు వేయాలి. దానికి డబ్బు కావాలి. మంచి నీళ్లకు మంచి ఖర్చు పెట్టవద్దని మేము అనడం లేదు. మేము వద్దంటున్నది లెక్క చెప్పని పెంపు, ఒకేసారి మోపే పెంపు, పేదవాడి తలకి, బంగళావాడి తలకి ఒకే ధర కట్టే పెంపు. దారిలో కంపెనీలు, ఏజెంట్లు తమ వాటా కలుపుకునే పెంపు మరీ వద్దు.

మనం ఏం చేయగలం?

మొదటిది, స్లిప్పు చదవండి. 1983 నాటి జీతాల రక్షణ చట్టం ప్రకారం మన రాతపూర్వక ఒప్పుదల లేకుండా జీతం కోయకూడదు. ఇచ్చిన ఒప్పుదలను రాసి వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఒప్పుదల ఉన్నా కోత సమంజసంగా ఉండాలి.

రెండవది, అద్దె ఇల్లు అయితే ఇది గుర్తుంచుకోండి. ఇంటి పన్ను యజమానే కట్టాలి. ఆ ఇంటికి విడిగా మీటరు ఉండి, వాడకాన్ని బట్టి బిల్లు వస్తేనే నీళ్ల డబ్బు అద్దెదారును అడగాలి. అద్దె పెంచాలంటే ఏడాదికి ఒక్కసారే, 60 రోజుల ముందు రాసి చెప్పాలి. క్యాంపు, హాస్టల్ తరహా వసతులకు నిబంధనలు కొంత వేరు. మీ ఒప్పందం కాగితం చేతిలో పెట్టుకుని అడగండి. తేలకపోతే టెనెన్సీ ట్రిబ్యునల్ ఉంది.

మూడవది, కౌన్సిల్‌కు రాయండి. ధరల మీద కౌన్సిల్ జనాభిప్రాయం అడిగినప్పుడు ఎవరైనా రాయవచ్చు. పౌరసత్వం అక్కరలేదు, ఇల్లు ఉండనక్కరలేదు. వర్క్ వీసా మీద ఉన్న మనకు ఓటు లేదు, కానీ రాసే హక్కు ఉంది. నాలుగు వాక్యాలు చాలు: ఎక్కడ ఉంటాం, ఎంతమంది ఉంటాం, వారానికి ఎంత కోత పడుతోంది, ఏం కోరుతున్నాం. కావాలంటే కౌన్సిలర్ల ముందు కొన్ని నిమిషాలు మాట్లాడవచ్చు. ఇంగ్లీషు రాదని వెనకాడకండి. మీరు చెప్పండి, మేము రాసి పెడతాం. మా పనే అది.

ఆ పన్నెండు డాలర్ల సంగతి

ఆ పెద్దాయనతో కలిసి ఐదుగురూ సంతకాలు పెట్టి ఒక కాగితం ఇచ్చారు. "నీళ్ల బిల్లు నకలు చూపండి" అని ఒక్కటే అడిగారు. నకలు లేదు, ఎందుకంటే బిల్లే లేదు. మూడు వారాల తరువాత ఆ లైను తీసేయమని మాకు చెప్పారు. సంతోషంగా తీసేశాం. అప్పటిదాకా కోసిన డబ్బు మాత్రం ఇంకా తిరిగి రాలేదు. దానికోసం రెండో కాగితం ఇచ్చాం. ఏమవుతుందో ఈ పేజీలోనే రాస్తాం.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ శుక్రవారం స్లిప్పు చేతికి రాగానే కింది లైన్ల దాకా చదవండి. అర్థం కాని లైను ఉంటే దాని ఎదురుగా పెన్నుతో ఒక గీత గీసి మా దగ్గరికి తీసుకురండి.