పొయ్యి మారితే.. ఊపిరి తేలిక!

వంటగ్యాస్ అనగానే మనం బండ ధర గురించే మాట్లాడుకుంటాం. కానీ అది ఇంటిల్లిపాది ఊపిరితిత్తులకు, గుండెకు, పుట్టబోయే బిడ్డకు కూడా సంబంధించిన విషయం. పేద ఇంటికి పొగ లేని పొయ్యి వస్తే ఏం మారుతుంది? కనెక్షన్ ఉన్నా పొగ ఎందుకు పోవటం లేదు? గ్యాస్ పొయ్యి ఉన్న మనం ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జీవితంలో ఒక్క బీడీ కూడా ముట్టని అరవయ్యేళ్ల ఆవిడకు పొగతాగేవారిలో కనిపించే ఊపిరితిత్తుల జబ్బు రావటమేమిటి? ఇది చాలామందిని ఆశ్చర్యపరిచే ప్రశ్నే. కానీ పల్లెల నుంచి వచ్చే మహిళలను పరీక్షించే వైద్యులకు ఇది కొత్త కాదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే కఫంతో దగ్గు, చలికాలంలో పిల్లికూతలు. ‘పెద్దవయసు కదా, ఉబ్బసమేలే’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటుంటారు. ఇలాంటప్పుడు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘ఎన్నేళ్లు కట్టెల పొయ్యి మీద వండారమ్మా?’

మీ ఇంట్లో ఇప్పుడు గ్యాస్ పొయ్యే ఉండొచ్చు. కానీ మీ అమ్మగారో, అత్తగారో పాతిక ముప్పయ్యేళ్లు ఊదుగొట్టం పట్టుకుని వండినవారే అయ్యుంటారు. మీ ఇంట్లో పనికి వచ్చే ఆవిడ ఇంటి ముందు ఈ రోజుకీ కట్టెల పొయ్యి వెలుగుతుండొచ్చు. కాబట్టి ఇదేదో ఎక్కడో దూరాన ఉన్నవాళ్ల సమస్య అనుకోవటానికి లేదు.

పొగలో ఏముంటుంది?

కట్టెలు, పిడకలు, పత్తికట్టె, కొబ్బరిమట్టలు మామూలు పొయ్యిలో పూర్తిగా మండవు. సగం కాలిన ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి విషపదార్థాలతో పాటు అతి సూక్ష్మమైన మసి రేణువులు ఉంటాయి. వీటిలో పీఎం 2.5 అనే రకం రేణువులు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తేమ వీటిని ఆపలేవు. నేరుగా ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళ్తాయి. అక్కడి నుంచి కొన్ని రక్తంలోకీ చేరతాయి.

ఒక రోజు సగటున ఘనపు మీటరు గాలిలో ఇవి 15 మైక్రోగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు. గాలి సరిగా ఆడని గదిలో కట్టెల పొయ్యి వెలిగించినప్పుడు ఇవి వందల్లోకి, కొన్నిసార్లు వేలల్లోకీ వెళ్తాయి. వంటింటి పొగను దగ్గరగా కొలిచిన తొలి శాస్త్రవేత్తల్లో అమెరికాకు చెందిన కిర్క్ స్మిత్ ఒకరు. 1980ల ఆరంభంలో ఆయన బృందం గుజరాత్ పల్లెల్లో వంట చేసే మహిళలు పీల్చే గాలినే నేరుగా పరీక్షించింది. వంటగదిలో కట్టెలు మండటమంటే గంటకు 400 సిగరెట్లు కాలినట్టేనని ఆయన పోల్చి చెప్పేవారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇళ్లలోని ఇంధన పొగ మూలంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది మరణించారు. వీరిలో 2.3 లక్షల మందికి పైగా అయిదేళ్లలోపు పసివాళ్లే.

ఎవరికి ఎక్కువ ముప్పు?

వండే మహిళలు: ఏళ్ల తరబడి పొగ పీలిస్తే శ్వాసనాళాలు వాచి, గట్టిపడి సన్నబడతాయి. ఇదే సీఓపీడీ. ఒకసారి దెబ్బతిన్న భాగం మళ్లీ మామూలు స్థితికి రాదు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్, కంటి శుక్లాల ముప్పు కూడా పెరుగుతుంది.

పసిపిల్లలు: తల్లి చంకలోనో, పొయ్యి పక్కన ఉయ్యాలలోనో ఉండే బిడ్డ కూడా అదే గాలి పీలుస్తుంది. పెద్దల కన్నా పిల్లలు వేగంగా ఊపిరి తీసుకుంటారు. వారి ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. అందుకే న్యుమోనియా ముప్పు ఎక్కువ.

గర్భిణులు: పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో కడుపులోని బిడ్డకు అందే ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఇప్పటికే రక్తహీనత ఉన్నవారికి ఇది మరింత భారం.

పొయ్యికీ పేదరికానికీ లంకె

కట్టెలు ఊరికే వస్తాయి కదా అనిపిస్తుంది. నిజానికి వాటి ఖరీదు వేరే ఖాతాలో పడుతుంది. పుల్లలు ఏరటానికి, మోయటానికి, ఊదటానికి, మసిపట్టిన గిన్నెలు తోమటానికి రోజూ గంటలు పోతాయి. ఆ గంటలు కూలికి పోతే డబ్బులొచ్చేవి. ఆడపిల్ల అయితే చదువుకునేది. దగ్గుతో, ఆయాసంతో మంచాన పడితే పని పోతుంది, పైగా ఆసుపత్రి ఖర్చు. ఇలా పేదరికం పొగను, పొగ పేదరికాన్ని పెంచుతూ పోతాయి.

ఈ ముడిని విప్పటానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందుగానే ప్రయత్నించింది. 1999లో మొదలైన దీపం పథకంలో డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016 మే 1న కేంద్రం ఉజ్వల పథకాన్ని ఆరంభించింది. దాని కింద ఇప్పటివరకు 10 కోట్లకు పైగా కనెక్షన్లు పేద మహిళల పేరిట వెళ్లాయి. శుభ్రమైన ఇంధనంతో వండుకునే కుటుంబాలు దేశంలో 2015-16లో 43.8 శాతం ఉంటే, 2019-21 నాటికి 58.6 శాతానికి పెరిగాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. తెలుగు రాష్ట్రాలు రెండూ 80 శాతం దాటాయి.

ఇక కోనసీమ పొలాల కింద, కాకినాడ తీరానికి ఆవల సముద్రంలో దొరికే సహజవాయువు చాలాకాలం విద్యుత్, ఎరువుల కర్మాగారాలకే ఎక్కువగా వెళ్లింది. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, కాకినాడ వంటి నగరాల్లో పైపుల ద్వారా వచ్చే సహజవాయువుతో వండుకునే ఇళ్లూ ఉన్నాయి. బండలోని ఎల్పీజీ అయినా, పైపులో వచ్చే మీథేన్ అయినా పొయ్యి సరిగా ఉంటే దాదాపు పూర్తిగా మండుతాయి. మసి చాలా తక్కువ. ఆరోగ్యానికి అసలు లాభం ఇక్కడే ఉంది.

బండ ఉంది.. పొగ పోలేదు!

కనెక్షన్ వచ్చినంత మాత్రాన కథ ముగియదు. బండ అయిపోతే నింపించుకోవటానికి ఒకేసారి అంత డబ్బు పెట్టటం రోజుకూలీ కుటుంబాలకు కష్టం. అందుకే టీకి, కూరకి గ్యాస్.. అన్నానికి, స్నానం నీళ్లకి కట్టెలు అన్నట్టు రెండు పొయ్యిలూ సాగుతుంటాయి. రెండో పొయ్యి వెలిగినంత కాలం పొగ లాభం సగమే. ఈ ఇబ్బందిని తగ్గించటానికే ఆంధ్రప్రదేశ్‌లో 2024 దీపావళి నుంచి దీపం-2 కింద ఏడాదికి 3 ఉచిత సిలిండర్లు, తెలంగాణలో అదే ఏడాది నుంచి రూ.500కే సిలిండర్ పథకాలు వచ్చాయి.

పరిశోధనలు కూడా ఒక హెచ్చరిక చేస్తున్నాయి. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో దాదాపు 3,200 మంది గర్భిణులతో ‘హేపిన్’ అనే పెద్ద అధ్యయనం జరిగింది. కొందరికి పొయ్యి, గ్యాస్ పూర్తిగా ఉచితంగా ఇచ్చారు. మిగతావారు కట్టెలతోనే వండుకున్నారు. గ్యాస్ వాడినవారు పీల్చిన పీఎం 2.5 సగటున ఘనపు మీటరుకు 71 మైక్రోగ్రాముల నుంచి 24కి పడిపోయింది. అయితే బిడ్డల పుట్టుక బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే గ్యాస్ ముఖ్యమే గానీ, అదొక్కటే మంత్రం కాదు. తల్లికి మంచి తిండి, రక్తహీనతకు చికిత్స, ఊరంతటి గాలి శుభ్రంగా ఉండటం.. ఇవన్నీ కలిస్తేనే పూర్తి ఫలితం.

గ్యాస్ పొయ్యి ఉన్నా గాలి కావాలి

గ్యాస్ మంట నుంచి కూడా నైట్రోజన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇది ఆస్థమా ఉన్న పిల్లల శ్వాసనాళాలను రేపుతుంది. పోపులు, వేపుళ్ల పొగ దీనికి అదనం. అపార్ట్‌మెంట్లలో ఏసీ కోసమనో, దోమలనో కిటికీలు బిగించి వండటం మంచిది కాదు. పొయ్యి వెలిగించేటప్పుడే ఎగ్జాస్ట్ ఫ్యాన్ గానీ, చిమ్నీ గానీ వేయండి. వంటయ్యాక మరో పది నిమిషాలు తిరగనివ్వండి.

మంట నీలంగా ఉండాలి. పసుపు రంగులోకి మారినా, గిన్నెల అడుగున మసి పడుతున్నా గ్యాస్ సరిగా మండటం లేదని అర్థం. బర్నర్లు శుభ్రం చేయించండి. బండ నుంచి పైపు గ్యాస్‌కు మారేటప్పుడు పొయ్యిలోని జెట్లు మార్చాల్సి ఉంటుంది. ఆ పని కంపెనీ సిబ్బందితోనే చేయించాలి.

అన్నింటికన్నా జాగ్రత్త అవసరమైంది గ్యాస్ గీజర్‌తో. గాలి ఆడని స్నానాలగదిలో ఇది వెలిగితే వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. తలనొప్పి, తలతిరుగుడు, వికారం, మగత వస్తే వెంటనే బయటి గాలిలోకి రావాలి, ఆసుపత్రికి వెళ్లాలి. గీజర్‌ను స్నానాలగది బయట గాలి ఆడే చోట పెట్టించుకోవటమే క్షేమం.

లీకైతే..

గ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. మనం గుర్తుపట్టటానికే ఘాటైన మెర్కాప్టాన్ కలుపుతారు. ఎల్పీజీ గాలి కన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. సహజవాయువు తేలిక, పైకి లేస్తుంది. ఏదైనా సరే వాసన రాగానే స్విచ్చులు వేయొద్దు, ఆపొద్దు. రెగ్యులేటర్ లేదా వాల్వ్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటకు రండి. ఎల్పీజీ లీకేజీకి 1906కు ఫోన్ చేయొచ్చు. పైపు గ్యాస్ వారు తమ కంపెనీ అత్యవసర నంబరును వంటగది బయట రాసి పెట్టుకోవాలి. బండకు వాడే సురక్షా ట్యూబును అయిదేళ్లకోసారి మార్చండి.

ఈ వారమే చేయండి

* ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద వండిన పెద్దవాళ్లకు దగ్గు, ఆయాసం ఉంటే స్పైరోమెట్రీ చేయించండి. గొట్టంలోకి గాలి ఊదే ఈ తేలికపాటి పరీక్షతో సీఓపీడీని గుర్తించొచ్చు. డాక్టర్ ఇన్‌హేలర్ రాస్తే ‘అలవాటైపోతుంది’ అని భయపడి మానొద్దు.

* ఊళ్లో అమ్మానాన్నలు స్నానం నీళ్లు ఇప్పటికీ కట్టెలతోనే కాస్తుంటే సోలార్ హీటరో, కరెంటు గీజరో అమర్చే వీలుందేమో చూడండి. వీలుకాకపోతే ఆ పొయ్యిని ఇంటికి దూరంగా, ఆరుబయటకు మార్చండి. పిల్లలను దాని దగ్గర కూర్చోనివ్వొద్దు.

* ఇంట్లో పనిచేసే ఆవిడకు కనెక్షన్ ఉందా, రాయితీ డబ్బు ఖాతాలో పడుతోందా అని ఒకసారి అడగండి. ఆధార్, బ్యాంకు వివరాలు సరిచేయటంలో సాయపడండి. బండ అయిపోయిన నెలలో కాస్త ముందుగా జీతం ఇచ్చినా ఆ ఇంట్లో పొగ ఆగుతుంది. మందుల కన్నా ముందు చేయగలిగిన వైద్యం అదే.