టక్‌మని ఊరుకునే సెల్ఫ్

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ ఆబిడ్స్ జీపీవో దగ్గర పావుగంట ఆపిన పాత కారు. తాళం తిప్పితే ‘టక్’ అంటుంది, అంతే. ఇంజన్ కదలదు. నాంపల్లి వైపు నుంచి ఎవరో మెకానిక్‌ను పట్టుకొచ్చేసరికి బండి కాస్త చల్లారుతుంది. ఆయన తాళం తిప్పగానే ఏ పేచీ లేకుండా స్టార్టవుతుంది. “బాగానే ఉంది కదా సార్!” అంటాడు. నాలుగు రోజులు పోయాక మళ్లీ అదే తంతు. పూర్తిగా చచ్చిపోయిన సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) నయం, దొరికిపోతుంది. వచ్చిపోయే రోగమే జేబు ఖాళీ చేయిస్తుంది: ముందు కొత్త బ్యాటరీ, తర్వాత కొత్త సెల్ఫ్, ఆ తర్వాత కొత్త స్విచ్. ఇన్ని మార్చినా రోగం పోకపోవడానికి కారణం ఈ యంత్రం పుట్టుకలోనే ఉంది.

సెల్ఫ్ రాకముందు దాదాపు ప్రతి ఇంజన్‌కీ ముందు హ్యాండిల్ కొట్టాల్సిందే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చి, అది చేతికందక ముందే 1911లో కన్నుమూశాడు. పసుపు రంగు వేసిన ఆ 1912 నాటి సింహాసనపు కారును ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. నవాబు ఎక్కే కారైనా సరే, దిగి హ్యాండిల్ తిప్పే మనిషి పక్కన ఉండాలి. సిల్వర్ ఘోస్ట్‌కు కరెంటు సెల్ఫ్ వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాకే.

హ్యాండిల్ ప్రమాదకరం కూడా. ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. కాడిలాక్ అధిపతి హెన్రీ లేలాండ్ మిత్రుడు బైరన్ కార్టర్ 1908లో అలాంటి దెబ్బ తగిలి, కోలుకోలేక చనిపోయాడని చెబుతారు. హ్యాండిల్ అక్కర్లేని కారు తేవాలన్న లేలాండ్ పట్టుదలకు అదే కారణమంటారు. ఆ పని అప్పగించింది మాత్రం చార్లెస్ కెటరింగ్‌కి.

కెటరింగ్ అంతకుముందు దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టర్లకు చిన్న మోటారు అమర్చినవాడు. ఇంజన్ తిప్పడానికి ఇంజన్ అంత మోటారు కావాలని తక్కిన ఇంజనీర్లు లెక్కలు కట్టారు. ఆ లెక్క రోజంతా తిరిగే మోటారుకు. కెటరింగ్ వేరేగా ఆలోచించాడు: రోజంతా బస్తా మోయలేనివాడైనా ఒక్క ఊపున లేపి లారీలో వేయగలడు కదా! చిన్న మోటారుకే శక్తికి మించిన కరెంటు రెండు మూడు సెకన్లపాటు పంపి, అది కాలిపోయేలోగా ఆపేస్తే చాలు. 1912 మోడల్ కాడిలాక్ ఈ సెల్ఫ్‌తోనే బయటికొచ్చింది. నా దృష్టిలో కారును సామాన్యుల చేతికి, ముఖ్యంగా ఆడవాళ్ల చేతికి, ఇచ్చింది ఇంజన్ కాదు, ఇదే.

అయితే ఆ ఉపాయానికి ఒక షరతుంది. ఆ కొద్ది సెకన్లూ దారిలో కరెంటుకు అడ్డు ఉండకూడదు. పెట్రోల్ కారు సెల్ఫ్ నూటయాభై ఆంపియర్లు లాగుతోందనుకుందాం. బ్యాటరీ టర్మినల్ కింద తుప్పు పట్టి ఒక్క ఓమ్‌లో నూరో వంతు నిరోధం చేరితే, 150 × 0.01 = 1.5 వోల్టులు అక్కడే పోతాయి. స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ ఇచ్చేదే పదీ పదకొండు వోల్టులు; అందులోంచి ఒకటిన్నర అంటే చిన్న నష్టమేం కాదు. అదే జాయింటులో ఒక్క ఆంపియర్ పంపి చూస్తే నష్టం 0.01 వోల్టు. టెస్ట్ ల్యాంపు చక్కగా వెలుగుతుంది, మీటరు కూత పెడుతుంది, మెకానిక్ “వైరింగ్ ఓకే” అంటాడు. ఆయన అబద్ధమాడలేదు. దొంగ పట్టుబడేది పెద్ద కరెంటు పారుతున్నప్పుడే.

కాబట్టి బండి మొరాయించిన ఆ క్షణాన్ని వాడుకోవాలి. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు ఆరిపోయేంతగా మసకబారితే బ్యాటరీ దిగిపోయిందన్నా కావాలి, టర్మినళ్లు వదులన్నా కావాలి. ‘టకటక’ మోత కూడా అటువైపే చూపిస్తుంది. లైట్లు నిక్షేపంగా ఉండి ఒక్క ‘టక్’ మాత్రమే వినిపిస్తే సోలినాయిడ్ (సెల్ఫ్‌కు పెద్ద కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) లోపలి కాంటాక్టులో, మోటారు కార్బన్లో అరిగి ఉండొచ్చు. సెల్ఫ్ మీద స్పానర్‌తో మెల్లగా తడితే తిరిగిందా? చాలావరకు కార్బన్ల పని అయిపోవచ్చిందన్నమాట. అసలు చప్పుడే లేకపోతే ఇగ్నిషన్ స్విచ్, రిలే, సన్న వైరు వెతకాలి.

ఎక్కువమంది చూడనిది ఎర్తు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. దాన్ని బాడీకి కలిపే అల్లిక పట్టీ తుప్పు పడితే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. చోక్ కేబుల్ వేడెక్కడం దానికి గుర్తు.

వేడి సంగతి వేరే చెప్పాలి. కాడిలాక్ పుట్టిన డెట్రాయిట్‌లో సెల్ఫ్‌కు చలి శత్రువు, మన దగ్గర ఎండ. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. సోలినాయిడ్ మోటారు మీదే ఉండే కార్లలో, ఇంజన్ ఆపాక గాలి ఆడక అది మరో 60 డిగ్రీలు వేడెక్కితే చుట్ట నిరోధం పావు వంతు పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. పాత స్విచ్‌లో ఇంకో వోల్టు పోతే అది ‘టక్’మని కదిలినా కాంటాక్టును పూర్తిగా కలపలేదు. చల్లారాక మళ్లీ మామూలే. జీపీవో దగ్గర జరిగింది ఇదే కావచ్చు.

ఈసారి ఎవరైనా సెల్ఫ్ మార్చాలంటే ఒక్క పరీక్ష అడగండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ సీసపు మొన మీద, రెండోది ఇంజన్ లోహం మీద ఆనించమనండి. తాళం తిప్పినప్పుడు అర వోల్టు దాటితే ఎర్తు చెడిపోయినట్టే. పాజిటివ్ వైపు కూడా బ్యాటరీ మొన నుంచి సెల్ఫ్ స్టడ్ దాకా ఇలాగే చూడాలి. రెండూ బాగుండి, బ్యాటరీ దిగకుండా ఉంటేనే సెల్ఫ్ విప్పనివ్వండి.