శ్రోస్-సి2: అయనావరణంలో ఏడేళ్లు

షోలాపూర్ నీలం నగర్‌లోని తెలుగు నేతన్నల ఇళ్లలో మీడియం వేవ్ మీద విజయవాడ రేడియో కేంద్రం పలకాలంటే పొద్దు గూకాల్సిందే. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 500 కిలోమీటర్లు. పగలు ఎండకు అయనావరణంలో ఏర్పడే డి పొర, 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, ఆ తరంగాలను మింగేస్తుంది. చీకటి పడ్డాక అది కరిగిపోతుంది. పై పొరలు తరంగాన్ని నేలకు మళ్లిస్తాయి.

ఆ పై పొరల్ని నేలమీది అయనోసోండ్ యంత్రం ప్రతిధ్వనులతో కొలుస్తుంది. కానీ ఎలక్ట్రాన్లు అత్యంత దట్టంగా ఉండే ఎత్తు వరకే దాని చూపు. అంతకు పైన ఏముందో 1962లో కెనడా ఉపగ్రహం అలూయెట్-1 పైనుంచి తరంగాలు పంపి చూసింది. మనవాళ్లు ఉపగ్రహం మీద పరికరాన్ని ఆ ఎత్తులోనే తిప్పారు.

అది సులువుగా దక్కలేదు. 1987లో, 1988లో ఏఎస్ఎల్‌వీ రాకెట్లు విఫలమై శ్రోస్ వరుసలోని రెండు ఉపగ్రహాలు పోయాయి. 1992లో మూడోది అనుకున్నదానికంటే తక్కువ ఎత్తుకు చేరి రెండు నెలలైనా నిలవలేదు. 1994 మే 4న శ్రీహరికోట నుంచి లేచిన శ్రోస్-సి2 మాత్రం నిలిచింది. ఆ పట్టుదలకు నేను చేతులెత్తి మొక్కుతాను.

అందులో ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల తయారుచేసిన రిటార్డింగ్ పొటెన్షియల్ అనలైజర్ ఉంది. ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురొచ్చే అయాన్లు ఆ పరికరంలోని లోహపు వలలకు తగులుతాయి. వల మీద విద్యుత్ పీడనాన్ని మెల్లగా పెంచుతారు. తేలికైన హైడ్రోజన్ అయాన్లు ముందే ఆగిపోతాయి, బరువైన ఆక్సిజన్ అయాన్లు చివరిదాకా దూసుకొస్తాయి. కన్నాలు మార్చుకునే జల్లెడ అనుకోండి. లోపలికి చేరే కరెంటు తగ్గే తీరును బట్టి అయాన్ల జాతి, సాంద్రత, వేడి తెలుస్తాయి. ఎలక్ట్రాన్లకు వేరే గ్రాహకం ఉంది.

అది పట్టిన విశేషాల్లో నాకు నచ్చింది సూర్యోదయపు వేడి. తెల్లవారగానే ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకి, పగలు గడిచేకొద్దీ తగ్గుతుంది. పొద్దున ఎలక్ట్రాన్లు కొద్ది, కాబట్టి ఎండ తెచ్చిన శక్తిలో ఒక్కోదానికి పెద్ద వాటా. సంఖ్య పెరిగాక ఆ వేడి అయాన్లకు పోతుంది.

రాత్రివేళ మరో సంగతి. భూమధ్యరేఖ దగ్గర పొద్దు గూకాక సాంద్రత తగ్గిన బుడగలు పైకి లేచి, అయస్కాంత రేఖల వెంట ఉత్తరానికి, దక్షిణానికి సాగుతాయి. వాటిలోంచి వచ్చే జీపీఎస్ సంకేతం మినుకుమినుకుమంటుంది. 2001 జులైలో కాలిపోయేదాకా శ్రోస్-సి2, సూర్యుడు చల్లబడిన 1996నూ, చెలరేగిన 2000నూ ఆ పొరలోనే తిరుగుతూ చూసింది.