మంచులో ఏముందో తెలియనప్పుడు

ఫ్రాంక్ డారబాంట్ 2007లో తీసిన 'ది మిస్ట్' చూసినవాళ్లకు సాధారణంగా రెండు సందేహాలు వస్తాయి. బయట అన్ని రాకాసి జీవాలు తిరుగుతుంటే లోపలున్న మనుషులను చూసే ఎక్కువ భయం ఎందుకేస్తుంది? ముగింపు అంత కఠినంగా ఎందుకు పెట్టారు? రెండింటికీ జవాబు ఒకటేనని నేను నమ్ముతున్నాను. అది చెప్పాలంటే కథ మొత్తం విప్పక తప్పదు. సినిమా చూడాలనుకునేవాళ్లు ముందు చూసి వచ్చి చదివితే మేలు.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బ్రిడ్జ్‌టన్ ఒక చిన్న ఊరు. రాత్రి గాలివానకు చెట్టు కూలి, చిత్రకారుడు డేవిడ్ డ్రేటన్ ఇంటి కిటికీ బద్దలవుతుంది. తెల్లవారాక భార్యను ఇంటి దగ్గరే ఉంచి, చిన్న కొడుకు బిల్లీని, పక్కింటి లాయరు నార్టన్‌ను కారెక్కించుకుని డేవిడ్ సూపర్‌మార్కెట్‌కు వెళ్తాడు. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయవు, బిల్లు కౌంటర్ల దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. ఇంతలో ముక్కు నుంచి రక్తం కారుతున్న ఒక పెద్దాయన పరుగున లోపలికి వచ్చి, మంచులో ఏదో ఉంది, తలుపులు వేసేయండని కేకలు పెడతాడు. చూస్తుండగానే అద్దాలకు అవతల అంతా తెల్లగా కమ్ముకుపోతుంది.

భయానికి సూపర్‌మార్కెట్టే ఎందుకు? పాడుబడ్డ బంగళా ఉండగా సరుకుల కొట్టుతో ఏం పని? ఈ ఊహ మూలకథ రాసిన స్టీఫెన్ కింగ్‌ది. బ్రిడ్జ్‌టన్‌లో ఉండే రోజుల్లో, ఒక తుఫాను మర్నాడు కొడుకుతో కలిసి సరుకులకు వెళ్లినప్పుడు, ఆ కొట్టులోకి రెక్కల రాక్షసబల్లి ఎగిరొస్తే ఎలా ఉంటుందని తోచిందని ఆయనే రాశాడు. దాన్నుంచి పుట్టిన పెద్ద కథ 1980లో 'డార్క్ ఫోర్సెస్' అనే సంకలనంలో వచ్చింది. ఈ చోటును ఎంచుకోవడంలో మంచి తెలివి ఉంది. కొట్టులో తిండీ నీళ్లూ పుష్కలం, కాబట్టి ఆకలి ఎవరినీ బయటికి తరమదు. వాళ్లకు కొరవడింది ఒక్కటే: బయట ఏం జరుగుతోందో చెప్పే సమాచారం. పైగా ముందు గోడంతా అద్దమే. ఎంతసేపైనా బయటికి చూస్తూ నిలబడొచ్చు, కనిపించేది మాత్రం ఏమీ ఉండదు.

మనిషి మనసు అలాంటి ఖాళీని ఎక్కువసేపు భరించలేదు. ఏదో ఒక జవాబుతో దాన్ని నింపేస్తుంది. ఈ సినిమా నడిచేదంతా ఆ జవాబుల మీదే.

మొదటి జవాబు నార్టన్‌ది. జనరేటర్ పొగగొట్టం పూడుకుపోయిందని వెనక షట్టరు ఎత్తినప్పుడు, మంచులోంచి ఏదో జీవి టెంటకిల్స్, అంటే తీగల్లా సాగే చేతులు, లోపలికి జొరబడి, సామాన్లు సంచుల్లో సర్దే కుర్రాణ్ని లాక్కుపోతాయి. డేవిడ్ వచ్చి చెబితే నార్టన్ నమ్మడు. తెగిపడిన ముక్క చూపిస్తాం, వెనక్కి రమ్మన్నా రాడు. ఎందుకంత మొండితనం? అతను న్యూయార్క్ నుంచి సెలవులకు వచ్చిపోయే మనిషి. డేవిడ్‌తో స్థలం హద్దుల మీద కోర్టుకెక్కి ఓడిపోయాడు. స్థానికులంతా కలిసి తనను వెర్రివాణ్ని చేయాలని చూస్తున్నారని అతని అనుమానం. తాడును చూసి పామనుకోవడం మనకు తెలిసిన భ్రమ. నార్టన్ ఎదురుగా ఉన్న పామును తాడంటాడు. పాత గాయం అతని చేత అలా అనిపిస్తుంది. ఆండ్రే బ్రావర్ ఈ పాత్రకు ఇచ్చిన హుందాతనం చూస్తే అతన్ని మూర్ఖుడని కొట్టిపారేయలేం. తనను నమ్మిన కొందరిని వెంటబెట్టుకుని మంచులోకి నడుస్తాడు. వాళ్లతోపాటు నడుముకు తాడు కట్టుకుని వెళ్లిన ఒకతను సగం శరీరంగా తిరిగొస్తాడు.

రెండో జవాబు మిసెస్ కార్మోడీది. ఇది దేవుడి ఆగ్రహమని, రక్తబలి ఇస్తేనే శాంతిస్తుందని ఆమె అంటుంది. మొదట్లో ఆమెను ఎవరూ లెక్కచేయరు. మరి రెండు రోజుల్లో జనం ఆమె వెనక ఎలా చేరారు? నాకు సినిమా మొత్తంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. డారబాంట్ దీన్ని తొందరపడకుండా, మెట్టు మెట్టుగా చూపిస్తాడు. రాత్రి వెలుతురుకు పెద్ద పెద్ద పురుగులు వచ్చి అద్దాలకు అంటుకుంటాయి, వాటిని తినే రెక్కల జీవాలు అద్దం పగలగొట్టుకుని లోపలికి వస్తాయి. కొందరు చనిపోతారు. ఒక పురుగు కార్మోడీ ఒంటి మీద వాలి, కుట్టకుండా ఎగిరిపోతుంది. ఆ క్షణం నుంచి ఆమె మాటకు రుజువు దొరికినట్టయింది. అవతల డేవిడ్ దగ్గరున్న మంచి మనుషులు చెప్పగలిగిందల్లా ఒక్కటే: మాకూ తెలియదు, జాగ్రత్తగా ఉందాం. నిద్రలేని జనానికి ఆ మాట చాలదు. కార్మోడీ దగ్గర కారణం ఉంది, ఎవరిది తప్పో ఉంది, ఏం చేయాలో కూడా ఉంది.

మెకానిక్ జిమ్‌ను గమనించండి. డేవిడ్‌ను పిరికివాడని వెక్కిరించి, జనరేటర్ దగ్గర ఆ కుర్రాణ్ని బయటికి పంపినవాళ్లలో అతనొకడు. మందుల కోసం పక్కనున్న ఫార్మసీకి వెళ్లి, అక్కడి సాలీళ్ల బీభత్సం చూసి వచ్చాక అతను పూర్తిగా విరిగిపోయి కార్మోడీ భక్తుల్లో ముందు నిలబడతాడు. తన వల్ల ఒకడు చచ్చాడన్న బరువు ఉన్నవాడికి, తప్పు మరొకరిదని చెప్పే మతం ఎంత ఊరటో ఆలోచించండి. ఆ మరొకరు త్వరగానే దొరుకుతాడు. సైన్యం యారోహెడ్ ప్రాజెక్ట్ పేరుతో మరో లోకానికి కిటికీ తెరిచిందని విన్నట్టు ఒక కుర్ర సైనికుడు ఒప్పుకుంటాడు. జనం అతన్ని కత్తితో పొడిచి బయటికి నెట్టేస్తారు. తర్వాత బిల్లీ కావాలంటారు. కార్మోడీగా మార్సియా గే హార్డెన్ ఎక్కడా నటిస్తున్నట్టు ఉండదు. తాను అన్న ప్రతి మాటా నమ్మే మనిషిలా ఉంటుంది. అందుకే ఆమెను చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఇక ముగింపు. కొట్టు ఉద్యోగి ఆలీ కార్మోడీని కాల్చేశాక, అయిదుగురు మాత్రం కారు వరకు చేరతారు: డేవిడ్, బిల్లీ, కొట్టులో వాళ్లకు తోడుగా ఉన్న అమాండా, ఇద్దరు వృద్ధులు. దారిలో ఇంటి దగ్గర భార్య శవం. పెట్రోలు అయిపోతుంది. చుట్టూ మంచు, అరుపులు. తుపాకీలో నాలుగు గుండ్లు. డేవిడ్ నలుగురినీ, కొడుకుతో సహా, కాల్చేసి తన చావు కోసం కారు దిగుతాడు. మంచులోంచి సైన్యం ట్యాంకు వస్తుంది. వెనక ట్రక్కులో, మొదటి రోజే పిల్లల కోసం ఒంటరిగా వెళ్లిన తల్లి తన పిల్లలతో క్షేమంగా కూర్చుని ఉంటుంది.

ఇది కేవలం షాక్ కోసమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. మూడో జవాబు డేవిడ్‌ది: ఇక ఆశ లేదు. నార్టన్, కార్మోడీల్లాగే అతనూ కనిపించని దాని గురించి తనకు తెలుసనుకున్నాడు. మనం అతని పక్షాన ఉన్నాం గనుక ఆ తప్పు మనకు తప్పుగా తోచదు. ఆ తల్లి మాత్రం బయట ఏముందో తెలుసని ఎప్పుడూ అనలేదు. తోడు రమ్మని అడిగింది, ఎవరూ కదలకపోతే వెళ్లిపోయింది. కింగ్ కథలో ఈ ముగింపు లేదు. అక్కడ రేడియోలో వినీ వినపడని ఒక మాటతో, కొద్దిపాటి ఆశతో కథ ఆగుతుంది. డారబాంట్ మార్పు కింగ్‌కూ నచ్చింది. ఎక్కువ డబ్బిస్తాం, ముగింపు మార్చమన్న నిర్మాతను కాదని, దాదాపు 1.8 కోట్ల డాలర్లతో డారబాంట్ సినిమా పూర్తి చేశాడు.

అంత తక్కువలో ఎలా తీశారు? లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో సుమారు ఆరు వారాల్లో. 'ది షీల్డ్' టీవీ సీరియల్ కెమెరా బృందాన్ని తెచ్చుకుని, రెండు కెమెరాలను చేతుల్లో పట్టుకుని జనం మధ్య తిప్పారు. నేపథ్య సంగీతం చాలా తక్కువ. అందుకే మనమూ ఆ కొట్టులో ఇరుక్కున్నట్టు ఉంటుంది. గ్రాఫిక్స్ మాత్రం అక్కడక్కడా తేలిపోయాయి. ముఖ్యంగా టెంటకిల్స్ సీను ఇప్పుడు చూస్తే అతుకు తెలుస్తుంది. డారబాంట్ మొదటి నుంచీ నలుపు తెలుపులో తీయాలనుకున్నాడు. 2008లో వచ్చిన రెండు డిస్కుల డీవీడీలో ఆ రూపం కూడా ఉంది. అందులో ఆ జీవాలు మంచులో బాగా కలిసిపోతాయి. దొరికితే దాన్నే చూడమంటాను.