మీకు తెలుసా? నూతిలోకి మనిషి కంటే ముందు మీటరు దిగాలి

కోనసీమకు గ్యాస్ ప్రమాదాలు కొత్త కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఎగదన్నిన ఓఎన్‌జీసీ బావి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా బలయ్యారు. ఇవి అందరికీ గుర్తే. సెప్టిక్ ట్యాంకులో, పూడిక తీసే నూతిలో, ఆయిల్ ట్యాంకులో చప్పుడు చేయకుండా చంపే గాలి సంగతే పెద్దగా ఎవరికీ పట్టదు.

● వంటింటి సిలిండర్ లీకైతే వచ్చే కంపు గ్యాసుది కాదని తెలుసా? లీకు పసిగట్టడానికి కంపెనీలు మెర్కాప్టన్ అనే రసాయనం కలుపుతాయి. మురుగులో పుట్టే మీథేన్‌కు అలా ఎవరూ ఏమీ కలపరు. దానికి సొంత వాసనా లేదు.

● కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ముందు మన ముక్కునే మోసం చేస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు ఒక పాలు కూడా లేనప్పుడే దాని వాసన తెలిసిపోతుంది. అదే 100 పాళ్లకు చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది. ట్యాంకు మూత తీసి కాసేపు నిలబడ్డాక ‘కంపు పోయింది, ఇక దిగొచ్చు’ అనుకునే క్షణమే అసలు ప్రమాదం. వెయ్యి పాళ్లుంటే ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు. అందుకే గ్యాసు మీటర్లు సాధారణంగా 10 పాళ్ల దగ్గరే కూత పెడతాయి. వశిష్ఠ గోదావరికి అవతల మొగల్తూరులో, 2017 మార్చి 30న ఒక ఆక్వా ప్లాంటు ట్యాంకు శుభ్రం చేయబోయి విషవాయువు సోకి ఐదుగురు చనిపోయారు.

● కొబ్బరి ఆక్సిజన్‌ను తినేస్తుంది! అంబాజీపేట కొబ్బరి మార్కెట్ చూసినవాళ్లు నవ్వుతారేమో గానీ, ఓడల్లో సరుకు రవాణాకు సంబంధించిన అంతర్జాతీయ నిబంధనల్లో ఎండు కొబ్బరి పేరు ఉంది. మూసిన గదిలో అది తనంతట తాను వేడెక్కుతుంది, ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. మూసి ఉంచిన ఇనుప ట్యాంకులో తుప్పు చేసే పనీ అదే.

● పెద్దాపురం మండలం జి.రాగంపేటలో 2023 ఫిబ్రవరి 9న నూనె ట్యాంకు శుభ్రం చేసే పనిలో ఏడుగురు చనిపోయారు. ఇలాంటి చోట్ల ప్రాణాలు పోయినవారిలో 60 శాతానికి పైగా, లోపల పడిపోయినవాళ్లను కాపాడబోయినవాళ్లేనని అమెరికా కార్మిక భద్రతా సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది. అన్న పడిపోతే తమ్ముడు ఆగడు కదా.

● నూతిలోకి లాంతరు దించి, ఆరిపోతే దిగకూడదనడం పాత పద్ధతి. అందులో కొంత నిజం ఉంది. ఆక్సిజన్ సుమారు 16 శాతానికి పడితే దీపం ఆరుతుంది. కానీ 19.5 శాతం కంటే కాస్త తగ్గినా మనిషి దిగకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను లాంతరు పట్టుకోలేదు. మీథేన్ ఉంటే ఆ లాంతరే నిప్పు అంటిస్తుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువును పసిగట్టడానికి 1980ల దాకా కేనరీ పిట్టలను వాడారు.

● ‘నాలుగు గ్యాసుల మీటర్’ కొన్నారా? అది ఆక్సిజన్, మండే వాయువులు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్‌లను చూస్తుంది. నూతి అడుగున పేరుకునే కార్బన్ డయాక్సైడ్ ఆ నాలుగింటిలో లేదు! ఆ గ్యాసు 5 శాతం చేరినా ఆక్సిజన్ 20.9 నుంచి 19.9 దగ్గరికే తగ్గుతుంది. మీటరు నోరెత్తదు. 4 శాతమే ప్రాణాపాయమని లెక్క. నూతుల్లో పనిచేసేవాళ్లు కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ విడిగా ఉన్నదే అడిగి కొనాలి. నా మటుకు ధర చూసి ఇది వదిలేయడం దండగ బేరం.

● మండే వాయువు అంకె 100 చూపిస్తే ట్యాంకు నిండా గ్యాసేనని కాదు, మీథేన్ పేలే కనీస మోతాదు, అంటే గాలిలో 5 శాతం, చేరిందని. 10 దగ్గరే అలారం మోగాలి. మండే వాయువును పట్టే వేడి పూస సెన్సర్ పనిచేయాలంటే ఆక్సిజన్ ఉండాలి. లేకపోతే తక్కువ చూపించి మోసం చేస్తుంది. అందుకే ముందు ఆక్సిజన్ అంకె, తర్వాత మిగతావి చూడాలి. సిలికాన్ స్ప్రే తగిలితే ఆ పూస పాడైపోతుంది.

● మీథేన్ గాలి కంటే తేలిక, పైకి పోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ బరువు, అడుగున కూర్చుంటాయి. కాబట్టి పంపున్న మీటరు గొట్టం దించి పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా చూడాలి. గొట్టం పొడవును బట్టి గాలి పైకి వచ్చేదాకా ఆగాలి. అడుగు బురద కదిపితే కొత్త గ్యాసు లేస్తుంది, అందుకే లోపలున్నంత సేపూ మీటరు ఒంటి మీదే ఉండాలి.

● మీటరును శుభ్రమైన గాలిలోనే ఆన్ చేయాలి. రోజూ పనికి ముందు పరీక్ష గ్యాసు కాస్త చూపించి కూత పెడుతోందో లేదో చూసుకోవాలి. పెట్టెలోనే ఉంచినా సెన్సర్ పాతబడుతుంది.

● 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం (1948) 36వ సెక్షన్ చెప్పింది ఇదీ: నిపుణుడు స్వయంగా పరీక్షించి రాతపూర్వక ధ్రువపత్రం ఇవ్వాలి. లేదంటే లోపలికి దిగే మనిషికి శ్వాస పరికరం, నడుముకు తాడు ఉండాలి, తాడు రెండో కొస బయటివాడి చేతిలో ఉండాలి. లోపల వాడే చేతి దీపం 24 వోల్టులు మించకూడదని కూడా అదే చట్టం చెప్పింది. రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడాన్ని 2013 నాటి పాకీపని నిషేధ చట్టం నిషేధించింది. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మీటరు ఉంది కదా అని మనిషిని దింపే బదులు యంత్రాన్ని పిలిపించడమే సరైన పని.

ఎవరైనా లోపల పడిపోతే వెంట దిగకండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. తాడు కట్టి ఉంటే బయటి నుంచే లాగండి.